.22 రైఫిల్‌కి తేలికైన 1-4 / 1-6 స్కోప్ కావాలి, బడ్జెట్ తక్కువ. ఏది తీసుకోమంటారు?

శీను_గుణుపురం (రాయగడ జిల్లా)

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. నా దగ్గర .22 బోల్ట్ యాక్షన్ ఉంది, స్పోర్ట్స్ లైసెన్స్ మీద. క్లబ్బులో 50 మీటర్ల దగ్గర కాయితం మీద కొడతాను, ఆదివారాలు మా బ్యాచ్ అంతా కలిస్తే 25 మీటర్ల దగ్గర నిలబడి ఇనప పలకలు, పలకంటే చిన్న ప్లేటంత ఉంటాయి. ఇన్నాళ్లూ ఓపెన్ సైటే. ఇప్పుడు స్కోప్ వేద్దామని, కాకపోతే 6 నుంచి 24 రెట్లు పెద్దది చేసి చూపే ఆ మూరెడు పొడుగు రకాలు వద్దు, రైఫిల్ ఒట్టిదే 2.7 కేజీలు, దాని మీద ఇంకో ముప్పావు కేజీ ఎక్కిస్తే నిలబడి కొట్టే సరదానే పోద్ది. బడ్జెట్ పాతిక వేల లోపు అనుకోండి. ఎల్‌పీవీవోలు (లో పవర్ వేరియబుల్ ఆప్టిక్) అంటున్నారు కదా, 1 రెట్టు నుంచి మొదలై 4కో 6కో 8కో పోయేవి, అవి బాగుంటాయనిపిస్తోంది. హ్యూస్టన్లో మా బావ ఉన్నాడు (ఇక్కడ మెంబరే), తన ఏఆర్ రకం రైఫిల్ మీద ఉన్నది ఫొటోలు పంపి ఊరిస్తున్నాడు, సంక్రాంతికి వస్తూ ఒకటి పట్టుకొస్తా అంటున్నాడు. 1-4 ఆ, 1-6 ఆ, 1-8 ఆ చెప్పండి.

మోడరేటర్

శీనూ స్వాగతం. చర్చ మొదలవకముందే రెండు ముక్కలు. ఇక్కడ టార్గెట్ షూటింగ్ వరకే మాట్లాడుకుందాం. పందులు పొలం తొక్కేస్తున్నాయి, దానికి ఏ స్కోప్ అని ఎవరైనా మొదలెడితే ఆ పోస్టు తీసేస్తాను, 1972 నుంచి వన్యప్రాణి చట్టం ఉంది, అది అటవీ శాఖతో తేల్చుకునే విషయం. సైలెన్సర్ మాటెత్తినా అంతే.

జగ్గు_జయపురం (కొరాపుట్)

ఏటి గురూ ఇంత బెదిరింపు పొద్దున్నే 😀

శీనూ, 1-4 తీసేసుకో, మళ్లీ ఆలోచించకు. నాది 1-4×24 (24 అంటే ముందు గాజు వెడల్పు, ఎమ్‌ఎమ్‌లో), 30 ఎమ్‌ఎమ్ ట్యూబు. 1 మీద పెట్టి రెండు కళ్లూ తెరిచి కొట్టడం ఒకసారి అలవాటైతే పలకల దగ్గర ఇంకేదీ నచ్చదు, రైఫిల్ భుజానికి వచ్చేసరికే చుక్క పలక మీద ఉంటది. 50 దగ్గర 4 పెట్టుకో. 4 అంటే 50 మీటర్ల కాయితం పన్నెండున్నర మీటర్ల దగ్గర ఉన్నట్టు కనపడతాది, ఇంకేం కావాలి నీకు. 8 పెట్టుకుంటే నీ గుండె కొట్టుకోడం కూడా కనిపిస్తాది, ఆ ఊగుడు చూసి భయపడి ట్రిగ్గర్ లాగేస్తావు.

హ్యూస్టన్_బరంపురం

నేనే ఆ బావని. ఒక్క మాట సరిదిద్దుకుంటా, పట్టుకొస్తా అన్నది నిజమే గానీ తర్వాత కనుక్కుంటే ఆ దారి లేదు. యుఎస్‌లో రైఫిల్ స్కోప్ ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ లిస్టులో ఉంది, 0ఏ504 అని నంబరు, 2020 నుంచి ఆ నంబరు కిందే నడుస్తోంది. ఇంకొకరికి ఇవ్వడానికి సూట్‌కేసులో పెట్టుకున్నా అది ఎక్స్‌పోర్టే, లైసెన్స్ అడుగుతారు. అందుకే ఇక్కడి షాపులు చాలావరకు ఇండియా అడ్రస్ కొట్టగానే ఆర్డర్ క్యాన్సిల్ చేస్తాయి. ఆ పైన మన కస్టమ్స్ వాళ్ల ముందు నిలబడి అది బైనాక్యులర్ అని నేనైతే చెప్పలేను. శీనూ, అక్కడే డీలర్ దగ్గర బిల్లుతో కొనుక్కో. చెల్లికి మాత్రం చాక్లెట్లు తెస్తున్నా, అవి కంట్రోల్ లిస్టులో లేవు.

సరే బరువు సంగతి. ఇక్కడ అందరూ కొనే 1-6×24లు, ప్రైమరీ ఆర్మ్స్ ఎస్‌ఎల్‌ఎక్స్ గానీ వోర్టెక్స్ స్ట్రైక్ ఈగిల్ గానీ, 500 గ్రాములు పైనే. వోర్టెక్స్‌లోనే పెద్దన్న రేజర్ జెన్ 2 మొదట 700 గ్రాములు దాటి ఉండేది, తర్వాత పేరు చివర ‘E’ అని తోక తగిలించి 610కి దించారు, దానికి డాలర్లు వెయ్యి పైమాటే. 1-4కి వస్తే క్రాస్‌ఫైర్ 2 ఇంచుమించు 420. అన్నిట్లోకీ తేలిక లూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ 1.5-4×20, 272 గ్రాములు, ఒక్క ఇంచి ట్యూబు. లోపలి గురి గీతలకి లైటు లేదు, బ్యాటరీ లేదు, పాడవడానికి ఏమీ లేదు. నేను నా 1-6 అమ్మేసి అదే వేద్దామా అని చూస్తున్నా.

శీను_గుణుపురం

బావా అమ్మేస్తే మరి ఇన్నాళ్లూ ఫొటోలు పంపి ఎందుకు ఊరించావు 😅

చాక్లెట్లే తే. డీలర్ దగ్గరే చూస్తా. కానీ 1-8 ఎవరూ ఎందుకు చెప్పట్లేదు?

హ్యూస్టన్_బరంపురం

1-8 మంచివి లేక కాదు. నైట్‌ఫోర్స్ ఎన్‌ఎక్స్8 1-8×24 అని ఉంది, 480 గ్రాములే, కానీ దాని ధరకి నువ్వు సెకండ్ హ్యాండ్ బైకు కొనుక్కోవచ్చు. తక్కువ ధరలో 8 రెట్లు ఇస్తున్నాడంటే ఎక్కడో కోసే ఉంటాడు. 1 మీద అంచులు చేపకన్నులా వంగుతాయి, 8 మీద చీకటి. ఆర్మీ వాళ్లు కూడా ఈ దారిలోకే వచ్చారు అనుకో, యుఎస్ మెరైన్లు 2020లో ట్రిజికాన్ వీకాగ్ 1-8×28 తీసుకున్నారు, ఆర్మీ 2022లో కొత్త రైఫిల్‌కి వోర్టెక్స్ 1-8×30 తీసుకుంది, కానీ వాళ్ల బడ్జెట్ పాతిక వేలు కాదు, మోసేది కూడా కొనేవాడు కాదు.

పర్లాకిమిడి_పంతులు (గజపతి జిల్లా)

శీను బాబూ, ఆలస్యంగా చూశాను. ఉద్యోగం అంతా ఫిజిక్స్ చెప్పడంతోనే గడిచింది కాబట్టి కొంచెం క్లాసు పీకుతాను, ఓపిక పట్టండి.

ఆ చీకటి ఎందుకంటే, ముందు గాజు మిల్లీమీటర్లని రెట్టింపుతో భాగిస్తే కంటి దగ్గరికి వచ్చే వెలుగు చుక్క వెడల్పు వస్తుంది. 24 ని 4 తో భాగిస్తే 6 ఎమ్‌ఎమ్. 6 తో అయితే 4. 8 తో అయితే 3. కుర్రాళ్ల కనుపాప చీకట్లో 7 దాకా తెరుచుకుంటుంది, నా వయసు వాడికి 5 దాటదు. పట్టపగలు కనుపాప ఎలాగూ చిన్నదైపోతుంది కాబట్టి 3 ఎమ్‌ఎమ్ అయినా చీకటిగా ఉండదు, కానీ తల ఒక వెంట్రుక అటూ ఇటూ అయితే నల్లటి నెలవంక కమ్మేస్తుంది. 4 మీద 6 ఎమ్‌ఎమ్ ఉంటే తల ఎలా పెట్టినా కనిపిస్తుంది. జగ్గు చెప్పిన సుఖం అదే.

అయితే జగ్గు చెప్పనిది ఒకటి ఉంది. పారలాక్స్. ఎల్‌పీవీవోలు చాలావరకు 100 గజాలకి, అంటే 91 మీటర్లకి, ఫ్యాక్టరీలోనే బిగించి పంపుతారు, మనం తిప్పుకోడానికి మీట ఉండదు. నువ్వు కొట్టేది 50 మీటర్లు. కన్ను సరిగ్గా మధ్యలో ఉంటే ఏ గొడవా లేదు. కన్ను అంచుకి జరిగితే గురి జరుగుతుంది. ఎంత జరుగుతుందీ అంటే ముందు గాజులో సగం, అంటే 12 ఎమ్‌ఎమ్, దాన్ని దూరాల తేడాతో గుణించి 91 తో భాగించు. 50 మీటర్ల దగ్గర 12 × 41 / 91, ఐదున్నర ఎమ్‌ఎమ్‌కి కాస్త తక్కువ. చిన్నదే కదా అంటావు. 50 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది గీత వెడల్పు 10.4 ఎమ్‌ఎమ్, మధ్య నుంచి అంచుకి 5.2. అంటే రైఫిల్ తప్పు లేదు, తూటా తప్పు లేదు, నీ చేతి తప్పు లేదు, ఒక్క తల పెట్టుడు తేడాకే అంచున పడే పది కాస్తా తొమ్మిదైపోవచ్చు. రిమ్‌ఫైర్ స్కోపులని, నీ .22 లాంటి వాటి కోసమే, వేరే ఉంటాయి, అవి 50 గజాలకో 60 గజాలకో బిగించి ఉంటాయి. నువ్వు చూడాల్సింది అవి.

జగ్గు_జయపురం

మాస్టారూ అదంతా తల పూర్తిగా అంచుకి పెట్టినప్పుడు కదా. చెంప ఒకే చోట ఆనిస్తే అందులో పావు వంతు కూడా రాదు. పైగా పలకల దగ్గర ఎవడిక్కావాలి ఐదు ఎమ్‌ఎమ్.

పర్లాకిమిడి_పంతులు

ఒప్పుకుంటాను, అది గరిష్ఠం. పలకలకి అస్సలు పట్టించుకోనక్కర్లేదు, 25 మీటర్లకి లెక్క వేసినా 9 ఎమ్‌ఎమ్ లోపే. కానీ శీను కాయితం మీద కూడా కొడతానన్నాడు, పైగా నిలబడి కొట్టేటప్పుడు చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనుతుందని నేను నమ్మను, స్కోప్ వేశాక కట్టె ఎత్తు చాలక గడ్డం ఆనించేవాళ్లని రోజూ చూస్తూనే ఉంటాం.

సమ్మన్న_సిరోంచ (గడ్చిరోలి)

అన్నలూ జర నా ముచ్చట గూడ ఇనుండ్రి. నాది ఎయిర్ రైఫిల్, .177, స్ప్రింగ్ది, లైసెన్స్ అక్కర్లేనిది. ఇంటెనక 10 మీటర్లు 20 మీటర్లు సీసా మూతలు గొడ్త. హ్యూస్టనన్న చెప్పినసుంటి 1-6 దానిమీద పెడితే మస్తుంటదా? మా దోస్తు ఒగడు పెట్టిండు, కొన్ని రోజులకే లోపట క్రాస్‌హెయిర్ వంకరయింది. దుకాణపోడు మార్చి ఇయ్యనన్నడు.

బాబన్న_బల్లార్షా (చంద్రపూర్)

సమ్మన్నా ఆగు ఆగు, పెట్టకు. స్ప్రింగ్ రైఫిల్ చిన్న పిల్లాడి ఆట అనుకుంటారు గానీ స్కోప్‌ని చంపేది అదే. మామూలు తుపాకి వెనక్కి తంతది, స్కోపులన్నీ ఆ దెబ్బ తట్టుకునేటట్టే చేస్తరు. స్ప్రింగ్‌దాన్ల ఏమైతది అంటే ట్రిగ్గర్ లాగంగనే పిస్టన్ ముందుకు ఉరుకుతది, రైఫిల్ వెనక్కి వస్తది, పిస్టన్ పోయి చివర గుద్దుకోంగనే రైఫిల్ ముందుకు గుంజుతది. ఆ రెండో దెబ్బ ఎదురు దిక్కుది. లోపల లెన్సులు రెండో దిక్కు ఆపు లేకుండ కూసోబెట్టి ఉంటయి, కదుల్తయి. అందుకే ఎయిర్‌గన్ రేటెడ్ అని డబ్బా మీద రాసి ఉన్నదే కొనాలె. మౌంట్ కూడా జారుకుంట వెనక్కి పోతది, పిన్ను ఉన్న స్కోప్ స్టాప్ తప్పకుండ పెట్టు. మీ దోస్తుది ఏ కంపెనీయో ఇక్కడ రాయకు, కంపెనీ తప్పో తుపాకి తప్పో మనకు తెల్వదు.

పర్లాకిమిడి_పంతులు

దానికి తోడు 10 మీటర్లకి అదే లెక్క వేయండి సమ్మన్న గారూ. 12 × 81 / 91, పది ఎమ్‌ఎమ్ దాటింది. సీసా మూత సగం వెడల్పే పదమూడు పద్నాలుగు. ఆటల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క, అక్కడ స్కోపే ఉండదు, సన్న రంధ్రం లోంచి చూసే పీప్ సైటే. మీకు కావాల్సింది ముందు గాజు దగ్గర దూరం తిప్పుకునే ఏఓ ఉన్నది, 10 మీటర్ల దాకా దిగేది. 2-7×32 ఏఓ రకాలు హాక్ లాంటి వాళ్లు చేస్తారు, ఎయిర్‌గన్‌కే. ఎల్‌పీవీవో మోజు మీకు వద్దు.

సమ్మన్న_సిరోంచ

గట్లనా. మంచిగ చెప్పిన్రు, పైసలు మిగిలినయి. ఇంకో ముచ్చట. మా దిక్కు స్కోపున్న ఎయిర్ రైఫిల్ గూడ బండి మీద పట్టుకపోతుంటే ఆపుతరు. నన్నాపిండ్రు ఒకపారి, పెల్లెట్ల డబ్బా చూపిచ్చి, రైఫిల్ మీద .177 అని చెక్కింది చూపిచ్చి, కొన్న బిల్లు చూపిచ్చి, గంట సేపు. ఆల్ల తప్పు గాదు, మా ఏరియా అసుంటిది. ఇప్పుడు జిప్పు బ్యాగుల ఏస్త, స్కోపు ఊడదీసి ఏరేగ ఏస్త.

మోడరేటర్

ఇది అందరికీ పనికొచ్చే విషయం కాబట్టి కలుపుతున్నా. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 ఎమ్‌ఎమ్ (అంటే .177) దాటని బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కే లైసెన్స్ అక్కర్లేదు. ఏ ఒక్కటి దాటినా కావాలి. .22 ఎయిర్ రైఫిల్ కూడా దాటినట్టే. శీనూ, నీకు ఇంకొకటి. నువ్వు క్లబ్బుకి ఎటు వెళ్తావో తెలీదు, బోర్డర్ దాటి ఆంధ్ర వైపు వెళ్తుంటే లైసెన్సు పుస్తకంలో ఏరియా వాలిడిటీ ఏముందో చూసుకో. ఒడిశా వరకే అని ఉంటే పర్లాకిమిడి దాటి పాతపట్నంలో అడుగు పెట్టగానే అది చెల్లదు.

శీను_గుణుపురం

ఆల్ ఇండియా ఉంది అన్నా, స్పోర్ట్స్ కోటాలో అలాగే ఇచ్చారు. థాంక్స్.

పంతులు గారూ మీ లెక్క ప్రింటు తీసి గోడకి అంటించాను. అయితే రిమ్‌ఫైర్ స్కోపుల్లో 1 నుంచి మొదలయ్యేవి దొరకట్లేదు, 2-7 దొరుకుతున్నాయి. 2 మీద రెండు కళ్లూ తెరిచి కొట్టొచ్చా? ఇంకా ఈ ఎఫ్‌ఎఫ్‌పీ ఎస్‌ఎఫ్‌పీ గొడవేంటి, డీలర్ ఎఫ్‌ఎఫ్‌పీ అయితే గొప్ప అన్నట్టు మాట్లాడుతున్నాడు.

జగ్గు_జయపురం

2 మీద కొట్టొచ్చు, కానీ 1 లాగుండదు. రెండు కళ్లకీ రెండు సైజుల్లో కనపడతాది, బుర్ర కాసేపు కొట్టుకుంటాది. అలవాటైన వాళ్లు ఉన్నారు, నాకు అవ్వలేదు. ఒట్టి మాటలెందుకు, నాది తెస్తా, నీ చేత్తో కొట్టి చూడు.

ఎఫ్‌ఎఫ్‌పీ సంగతి బావనడుగు.

హ్యూస్టన్_బరంపురం

ఎఫ్‌ఎఫ్‌పీలో రెట్టింపు పెంచితే క్రాస్‌హెయిర్ కూడా దాంతో పాటే పెద్దదవుతుంది, తగ్గిస్తే చిన్నదవుతుంది, కాబట్టి దాని మీద గీతలు ఏ రెట్టింపు మీదైనా ఒకే కొలత. ఎస్‌ఎఫ్‌పీలో క్రాస్‌హెయిర్ ఎప్పుడూ ఒకే సైజు, గీతల కొలత చాలా వాటిలో పూర్తిగా పెంచినప్పుడే కరెక్టు. వినడానికి ఎఫ్‌ఎఫ్‌పీ గొప్పగానే ఉంటుంది. 1-6లో చవక ఎఫ్‌ఎఫ్‌పీ తీసుకుని 1 మీద పెట్టి చూడు, క్రాస్‌హెయిర్ సాలెపురుగు దారంలా అయిపోయి కనపడదు, అప్పుడు లైటు వేయాలి, చవక దాంట్లో ఆ లైటు ఎండలో కనపడదు, అదొక చక్రం. తక్కువ రెట్టింపుల్లో, తక్కువ డబ్బుల్లో ఎస్‌ఎఫ్‌పీనే మేలు అని నా గట్టి అభిప్రాయం, డీలర్ ఏమన్నా సరే.

ఇంకోటి, ఈ ఏఆర్ స్కోపుల్లో బీడీసీ అని మెట్లు గీసి ఉంటాయి, 300 గజాలకి ఇది 400కి ఇది అని. అవి 5.56 తూటాకి లెక్క కట్టినవి. నీ .22కి వాటితో సంబంధం లేదు. 50 దగ్గర సరిగ్గా తగిలేటట్టు సున్నా చేసుకుంటే స్టాండర్డ్ .22 తూటా 100 దగ్గర జానెడు దాకా కిందికి దిగిపోతుంది, అదే 5.56 అయితే అసలు కదిలినట్టే ఉండదు. కాబట్టి మెట్లకి డబ్బులు పెట్టకు, మామూలు డూప్లెక్స్, అంటే అంచుల్లో లావుగా మధ్యలో సన్నగా ఉండే క్రాస్‌హెయిర్, చాలు.

పర్లాకిమిడి_పంతులు

నాకు ఆ లైటు చుక్క విషయంలో ఒక అనుభవం చెప్పాలి. నాకు ఆస్టిగ్మాటిజం ఉంది. ఎర్ర లైటు చుక్కతో గురి చూసే రెడ్ డాట్ సైటులోకి చూస్తే చుక్క బదులు దీపావళి మతాబా కనిపిస్తుంది. ఓపెన్ సైటేమో వెనక గాడి, ముందు పుల్ల, ఆ పైన టార్గెట్, మూడు దూరాల్లో మూడూ ఒకేసారి స్పష్టంగా చూసే వయసు దాటిపోయింది. గాజు మీద చెక్కిన రెటికిల్ (గురి గీతలు) ఉన్న తక్కువ పవర్ స్కోపే నాలాంటి వాళ్లకి దిక్కు, అన్నీ ఒకే తలంలోకి వస్తాయి. కంటి వైపు డయాప్టర్ రింగుని తెల్ల గోడ మీదికి చూస్తూ తిప్పుకోవాలి, టార్గెట్ వైపు చూస్తూ కాదు, కన్ను సర్దుకుపోయి మోసం చేస్తుంది. ఒక్క క్షణం చూసి కళ్లు మూసి మళ్లీ తెరిస్తే గీతలు నల్లగా వెంటనే కనిపించాలి.

సమ్మన్న_సిరోంచ

మాస్టారు, మీరు గొట్టేది ఏంది?

పర్లాకిమిడి_పంతులు

మా నాన్నగారి .315, ఇషాపూర్‌ది. ఇప్పుడు పెద్దగా కొట్టను లెండి, తూటా ఖరీదు చూసి. దాని మీద స్కోప్ పెట్టడం అదొక పురాణం. లీ ఎన్‌ఫీల్డ్ యాక్షన్ కాబట్టి పైన స్కోప్ బేస్‌కి రంధ్రాలే ఉండవు, లైసెన్సు ఉన్న మిస్త్రీ దగ్గర చేయించాలి. అది నాన్నగారి చేతిలో ఉన్నట్టే ఉండనిచ్చాను. స్కోపుతో కొట్టేది క్లబ్బు .22తో. మీలో ఎవరైనా .315 మీద పెడితే మాత్రం ఐ రిలీఫ్, అంటే స్కోపుకీ కంటికీ మధ్య దూరం, తొమ్మిది పది సెంటీమీటర్లకి తగ్గనిది చూసుకోండి, స్కోపు అంచు తగిలి కనుబొమ్మ మీద చంద్రవంక పడుతుంది లేకపోతే.

బాబన్న_బల్లార్షా

అందరు స్కోపు బరువే మాట్లాడుతున్రు, మౌంట్ బరువు ఎవరూ లెక్క పెట్టలే. ఏఆర్ మౌంట్ అని ఒకే ముక్కగ ముందుకు సాగి ఉంటది చూడు, అదొక్కటే 200 గ్రాములు దాకా ఉంటది. బోల్ట్ యాక్షన్‌కి అది అస్సలు వద్దు. రెండు మామూలు అల్యూమినియం రింగులు, తక్కువ ఎత్తుయి, 100 గ్రాములల్ల అయిపోతది. శీను భావూ, స్కోప్ 500 మౌంట్ 200 అంటే 700. స్కోప్ 300 రింగులు 100 అంటే 400. ఆ 300 గ్రాములు బ్యారెల్ పైన ఎత్తుల కూసుంటయి, నిలబడి కొట్టెటప్పుడు తెలుస్తది, తూకం మీద కన్న చేతికి ఎక్కువ తెలుస్తది.

ముందు నీ రైఫిల్ మీద గాడి ఏందో చూడు. .22ల మీద చాలా వరకు 11 ఎమ్‌ఎమ్ డవ్‌టెయిల్ ఉంటది, పికాటినీ అనే వెడల్పు పట్టాకు చేసిన రింగులు దానికి పట్టయి. కొందరు బలవంతంగ బిగిస్తరు, రెండు రోజులు నిలబడ్తది. ట్యూబు ఇంచిదా 30దా చూసుకొని రింగులు కొను. ఇంచి అంటే 25.4, 30 రింగుల సందు పెట్టి కాయితం చుట్టేటోళ్లను చూసిన, మా వర్క్‌షాప్‌ల అట్ల చేస్తే ఫోర్మన్ తంతడు.

బిగించుడు సంగతి చెప్త, ఇదే అందరు పాడు చేసేది. రింగులు కింద సగాలు పెట్టు, స్కోపు కూసోబెట్టు, పైన సగాలు వదులుగ పెట్టు. కళ్లు మూసుకొని రైఫిల్ భుజానికి ఎత్తు, చెంప ఆనించు, అప్పుడు కళ్లు తెరువు. నిండుగ కనిపిస్తే సరే, నల్లగ ఉంటే స్కోపు ముందుకో వెనక్కో జరుపు, నీ మెడ జరపకు. ఎక్కువ రెట్టింపు మీద పెట్టి చూడాలె, తక్కువ మీద పెడితే ఎక్కడున్నా కనపడ్తది, మోసపోతవ్. తర్వాత క్రాస్‌హెయిర్ నిలువు గీత సరిగ ఉందా అని దూరంగ తాడుకి రాయి కట్టి వేలాడదీసి చూడు. అప్పుడు స్క్రూలు అటోటి ఇటోటి కొంచెం కొంచెం, రెండు పక్కల సందు సమానంగ ఉండేటట్టు. టార్క్ రెంచి ఉంటే 15 నుంచి 18 ఇంచి పౌండ్లు, లేకపోతే చిన్న ఎల్ కీ పొట్టి దిక్కు పట్టుకొని రెండు వేళ్ల బలం, అంతే. గట్టిగ పట్టాలె అని పొడుగు దిక్కు పట్టుకొని తిప్పితే ట్యూబు నొక్కుకుపోతది, లోపల రెట్టింపు తిప్పేది బిగుసుకపోతది, ఇగ ఆ స్కోపు పనికిరాదు. నీలం లాక్‌టైట్ (స్క్రూ వదులుగాకుండ పూసే జిగురు) బేస్ స్క్రూలకే, రింగు పై స్క్రూలకు వద్దు.

జగ్గు_జయపురం

బాబన్న పోస్టు పిన్ చెయ్యండి మోడరేటరు గారూ.

వానాకాలం గురించి ఎవరూ చెప్పలేదు, మా కొరాపుట్ కొండల్లో అదే పెద్ద బాధ. జులైలో బయటికి తీస్తే బయట గాజు మీద మంచు పట్టేస్తాది, అది తుడిస్తే పోద్ది, పర్లేదు. లోపల పట్టిందంటే స్కోపులో నింపిన నైట్రోజన్ పోయినట్టే, వారంటీకి పంపాలి. దానికన్నా చెడ్డది బూజు. స్కోపుని బ్యాగులో పెట్టి బీరువాలో మూడ్నెల్లు మర్చిపోతే లెన్సు మీద తెల్లగా వేర్లు పాకుతాయి, కెమెరా లెన్సులకి పట్టినట్టే. గాలాడే చోట పెట్టు, సిలికా జెల్ పొట్లాలు వెయ్యి, అవి నీలం పోయి గులాబీ రంగుకి వస్తే పెనం మీద సన్న సెగన వేడి చెయ్యి, మళ్లీ పనిచేస్తాయి. మా ఇంటిది ఆ పెనం వేరే పెట్టింది.

శీను_గుణుపురం

అప్‌డేట్. జగ్గు అన్న 1-4, క్లబ్బులో ఇంకొకాయన 2-7×32 రిమ్‌ఫైర్, రెండూ కొట్టి చూశాను. పలకల దగ్గర జగ్గు అన్న చెప్పింది అక్షరాలా నిజం, 1 మీద వేగం వేరు, రైఫిల్ ఎత్తగానే పలక మీదే ఉంది. కాయితం దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. 1-4తో 4 మీద తల కావాలనే అటూ ఇటూ ఊపి చూశాను, రైఫిల్ ఇసక సంచి మీద కదలకుండా ఉంది, క్రాస్‌హెయిర్ మాత్రం పది గీత మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి నడిచింది, కంటితో చూశాను. 2-7లో తల ఊపితే అక్కడే మేకు కొట్టినట్టు ఉంది. 2 మీద రెండు కళ్లూ తెరిచి కొట్టడం కాస్త తికమకగానే ఉంది గానీ పలక తప్పిపోవట్లేదు, నెమ్మదవుతోంది అంతే.

నాకు కాయితమే ఎక్కువ. 2-7కే వెళ్తున్నా. ఒక ఇంచి ట్యూబు, డూప్లెక్స్, లైటు లేదు, బ్యాటరీ లేదు. డీలర్ 30 ఎమ్‌ఎమ్ 1-6 తీసుకో సార్, ఫ్యూచర్ ప్రూఫ్ అంటున్నాడు. నాకేం ఫ్యూచరో అర్థం కాలేదు.

జగ్గు_జయపురం

సరే నీ ఇష్టం. పలకల దగ్గర మాత్రం పందెం కాస్తా, చాయి ఖర్చు నీది.

పర్లాకిమిడి_పంతులు

32 ఎమ్‌ఎమ్ గాజు, 50 గజాల సెట్టింగు అంటే 50 మీటర్లకి ఒకటిన్నర ఎమ్‌ఎమ్ లోపే. బాగుంది. 25 దగ్గర ఏడు చిల్లర, పలకలకి చాలు.

హ్యూస్టన్_బరంపురం

మంచి పని. నా వైపు కూడా అయిపోయింది, 1-6 ఇక్కడ రేంజ్ ఫ్రెండ్‌కి ఇచ్చేశా, 1.5-4 వచ్చింది. మౌంట్‌తో కలిపి మునుపటి కన్నా 300 గ్రాములు పైనే తగ్గింది. 200 గజాల దాకా నాకేం తేడా తెలియట్లేదు, 1 కీ 1.5 కీ మధ్య మాత్రం తేడా తెలుస్తోంది, తలుపు దూరంలో ఉన్న టార్గెట్లకి కొంచెం వెనకబడ్డా. 3-గన్ మ్యాచులు (రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ మూడూ వాడేవి) కొట్టేవాళ్లు ఇది తీసుకోవద్దు, వాళ్లకి 1-6 బరువైనా సరే అదే కరెక్టు.

సమ్మన్న_సిరోంచ

శీనన్నా, రింగులు ఏ ఎత్తుయి తీసుకుంటున్నవ్? నేను 2-7×32 ఏఓ ఎయిర్‌గన్‌ది చెప్పిన, రింగులు లో నా మీడియమా సమజైతలేదు.

బాబన్న_బల్లార్షా

ఇద్దరివీ 32 గాజే కదా, బయటి అంచు 40 దాకా వస్తది, ఏఓ ఉన్నదాని ముందు మూతి ఇంకొంచెం లావు. శీనుకు లో సరిపోతయి, కానీ బోల్టు పిడి పైకి లేపినప్పుడు కంటి దిక్కు మూతికి తగులుతుందేమో కొనకముందే చూసుకో. సమ్మన్నా, నీది బ్యారెల్ విరిచి లోడు చేసేదైతే మీడియం తీసుకో, ముందు మూతికీ గొట్టానికీ మధ్య రెండు మూడు కాయితాలు దూరినా చాలు, తగలొద్దంతే. స్టాప్ పిన్నున్న వెనక రింగు మర్చిపోకు.

సమ్మన్న_సిరోంచ

బ్యారెల్ ఇరిచేదే. మీడియం చెప్త రేపు.